గోడకు కాజా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మా ఇంట్లో మిగిలింది అక్కాతమ్ముళ్లం ఇద్దరమే. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు కాబట్టి మేం చూసింది ఇల్లొకటే. కట్టినవాడు మా తమ్ముడు కోల్మన్. దానికి కన్నం పెట్టినదాన్ని నేను.

ఎనిమిదేళ్ల కిందటి చలికాలం అది. నాకప్పుడు అరవై మూడు, వాడికి యాభై తొమ్మిది. మా ఎరిస్ అంటే ఐర్లండుకి పడమటి కొస. సముద్రం మీద పుట్టిన గాలి మొట్టమొదట తగిలేది మాకే. మా పాత రాతి ఇల్లు ఆ గాలితో ఎన్నడూ పోట్లాడలేదు. తలుపు కిందనుంచీ కిటికీ సందుల్లోంచీ రానిచ్చి, పొయ్యి గొట్టంలోంచి పంపించేసేది. ఇంటి నడుమ ఆ పొయ్యి. బాడవ నేలలో కోసి ఎండబెట్టిన, కట్టెల్లా మండే మట్టిపెళ్లలు దానికి మేత. పడుకోబోయే ముందు కణకణలాడే పెళ్లల్ని బూడిదలో కప్పెట్టాలి, తెల్లారి నివురు తొలగించి కొత్త పెళ్ల పెట్టాలి. నాయనమ్మ అలా చేసింది, అమ్మ అలా చేసింది, అమ్మ పోయిన ఇరవై రెండేళ్లూ నేను చేశాను. ఒక్క పొద్దు కూడా ఆ నిప్పు ఆరలేదు. ఊళ్లోవాళ్ల గౌన్లూ కోట్లూ కుట్టి నేను తెచ్చుకున్న పేరు కంటే, ఆ నిప్పును కాపాడినందుకు వచ్చిన పేరే ఎక్కువ.

ఆ నిప్పే మా తమ్ముణ్ణి తినేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. బూజు పట్టిన ఎండుగడ్డి దుమ్ము ముప్పై ఏళ్లు పీల్చి వాడి ఊపిరితిత్తులు చెడిపోయాయి. పొగా చెమ్మా బూజూ లేని చోట ఉండకపోతే ఇంకో రెండు చలికాలాల కంటే ఎక్కువ బతకడం కష్టమన్నదట. ఈ ముక్క వాడు నాకు చెప్పలేదు. వాణ్ణి ఆసుపత్రికి కారులో తీసుకెళ్లిన మా పొరుగాయన ఫెస్టీ చెప్పాడు. మా తమ్ముడు చేసిందల్లా పశువుల్ని అమ్మేయడం, వారం వారం టౌనుకెళ్లి చెక్క ఇళ్లు కట్టే పని నేర్చుకోవడం, పై చేలో నిలువు దుంగలు లేపడం. నాతో అన్నది ఒక్కటే మాట.

"అక్కా, ఈ ఇంటికి పొయ్యి ఉండదు."

"పొయ్యి లేని ఇల్లేంట్రా?"

"గాలి చొరబడని ఇల్లు. గొట్టం పెడితే చొరబడుతుంది కదా."

"మరి చలికి?"

"గోడల్నిండా గొర్రెబొచ్చు కూరతాం. మనిద్దరి ఒంటి వేడీ, టీ కెటిల్ వేడీ చాలు."

"నా ఒంట్లో అంత వేడే ఉంటే నలభై ఏళ్ల కిందటే ఎవడో ఒకడు చేసుకుపోయేవాడు," అన్నాను.

వాడు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు ఆగేదాకా నేను పొయ్యిలోకి చూస్తూ కూర్చున్నాను.

సంగతి అంతే. వాడు ఆ ఇంట్లోకి వెళ్లాలి, వెళ్లకపోతే బతకడు. నేనూ వాడి వెనకే వెళ్తే మా అమ్మ నిప్పు ఆరిపోతుంది. నేను కదలకపోతే ఒకే కొండవాలు మీద రెండిళ్లు, ఇంటికొక మనిషి. "వస్తావా అక్కా" అని వాడు అడగలేదు. "రాను" అని నేను చెప్పలేదు. మా వంశంలో మాటలు మొదటినుంచీ పొదుపే.

అక్టోబరులో కప్పు వేయడం, కిటికీలు బిగించడం అయ్యాక నన్ను పనిలోకి పిలిచాడు. దుంగల మధ్య పరుపుల్లా చేసి అమ్మే గొర్రెబొచ్చు కూరాం. దాని మీద ఇల్లంతా, గోడలకీ కప్పుకీ, దళసరి షీటు పరిచాం. షీటు మీద షీటు అతుకు పడ్డచోటల్లా టేపు. కిటికీ చుట్టూ టేపు, వైరు దూరినచోట టేపు, మేకు తగిలిన ప్రతి చుక్క మీదా టేపు. అది నాకు చేతికి తెలిసిన పనే. అంచుకి అంచు కలపడం, ముడత రాకుండా లాగడం. వాడు నా వెనకాలే అరచెయ్యి తిరగేసి తడి చేసుకుని గోడ పొడవునా పట్టుకుంటూ వచ్చేవాడు, ఎక్కడైనా చల్లగా తగులుతుందేమోనని.

ఫెస్టీ ఒకరోజు గుమ్మంలో నిలబడి చూశాడు. "ఇల్లు కడుతున్నావా కోల్మన్, జామ్ సీసాకి మూత బిగిస్తున్నావా? మీ అక్కని లోపల పెట్టి మూసేస్తే వచ్చే వేసవికి ముగ్గుతుంది."

"ముగ్గేదేదో నువ్వు ముగ్గు. నాకింకా పచ్చితనం పోలేదు," అన్నాను.

"తలుపు వెయ్యి ఫెస్టీ, చెమ్మ వస్తోంది," అన్నాడు మా తమ్ముడు. ఆ ఇంట్లో వాడికి అంతకు మించి వేరే ఆలోచన లేదు. తడి గాలి సందుల్లోంచి గోడల్లోకి దూరితే లోపలెక్కడో చల్లబడి నీరవుతుందని, అందుకే సందు ఉండకూడదని నాకు పదిసార్లు చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నేను టేపు అంటిస్తూ మా నిప్పు సంగతి ఆలోచించుకునేదాన్ని.

నెలాఖరుకి వాడు తన పరుపు పై చేలోని కొత్త ఇంటికి మోసుకెళ్లాడు. అక్కడింకా దీపం బల్బులే లేవు, కానీ పొడిగా ఉంది. నేను కింద ఒక్కదాన్నే మిగిలాను. నలభై ఏళ్లు పొయ్యికి అటొకరం ఇటొకరం కూర్చున్నాం. మాట్లాడుకున్నది తక్కువే, కానీ ఎదురుకుర్చీలో ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఆ కుర్చీలో పిల్లి కూడా కూర్చోలేదు. గోడ అవతలినుంచి వాడి దగ్గు వినబడకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ దగ్గును తిట్టుకుంటూ ఏళ్లు గడిపినదాన్ని, అది లేక దుప్పట్లో పడుకుని ఏడ్చాను.

నవంబరు రెండో తేదీ మాకు పోయినవాళ్ల రోజు. ఆ సాయంత్రం ఇల్లు ఊడ్చి, పొయ్యి బాగా రాజేసి, కుర్చీలు దానివైపు తిప్పి, తలుపు గడియ తీసి ఉంచుతాం. ఆ ఇంట్లో పుట్టి ఆ ఇంట్లో పోయినవాళ్లు ఏడాదికొక్కసారి చలి కాచుకోవడానికి వస్తారు. మేం తొందరగా పడుకుని వాళ్లకి చోటు వదిలేస్తాం. ఆ ఏడు అదే రోజు మధ్యాహ్నం పై ఇంట్లో టేపు చుడుతూ నేనే కదిపాను.

"వచ్చే ఏడాది ఈ వేళకి మనం ఇక్కడుంటే, అమ్మ ఎక్కడికొస్తుందిరా?"

వాడు నిచ్చెన మీదున్నాడు. కిందకి చూడకుండానే అన్నాడు. "పోయినవాళ్లకి చలేంటక్కా? చలంతా బతికున్నవాళ్లకే."

అందులో తప్పేమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. అమ్మని చివరి మూడేళ్లూ ఎత్తి కూర్చోబెట్టినదాన్ని నేను, ఆవిడ కాళ్లు ఆ పొయ్యి దగ్గర వేడి చేసినదాన్ని నేను. కోపం వెనకాల భయం కూడా ఉంది. ఈ మూతబిగించిన సీసాలోకి వెళ్తే నన్నిక ఎవరూ వెతుక్కుంటూ రారు అనిపించింది.

చీకటి పడుతుండగా టేపు అయిపోయిందని వాడు దుకాణానికెళ్లాడు. నేను పడమటి గదిలోకి వెళ్లాను. అది నా గది అని వాడే పేరు పెట్టాడు. కిటికీలోంచి చూస్తే మా పాత ఇల్లు, దాని వెనక శ్మశానం గోడ. కిటికీ కింద, ఎడమ మూల, నేలకి దగ్గరగా, నా కత్తెరతో షీటుని జానెడు కోశాను. లోపల గొర్రెబొచ్చుని రెండు వేళ్లతో పాయ తీశాను. బయటి చెక్కల సందుల్లోంచి వచ్చిన గాలి సన్నగా నా మణికట్టుకి తగిలింది.

"అమ్మా, తలుపు లేకపోతే ఇటునుంచి రా," అన్నాను.

అక్కడితో లేచి రావాల్సింది. కానీ కోసిన అంచు కోసినట్టు వదిలేయడం నా చేతులకి రాదు. చిరుగు పాకుతుంది. నా సంచిలో సూదీ బూడిదరంగు దారమూ ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని ఆ కన్నానికి చుట్టూ, పెళ్లికోటుకి కుట్టినంత శ్రద్ధగా, కాజా కుట్టాను. అది ఎంతకీ మూసుకోకుండా నోరు తెరుచుకుని నిలబడింది.

మర్నాడు వాడు షీటు మీద గోడలా బిగించే జిప్సం బోర్డులు దించాడు. "ముందు నీ గది పూర్తి చేస్తానక్కా."

ఇంకే గదిలోనూ బోర్డులు బిగించలేదు, వాటికి ముందే సందులు పట్టుకోవడానికి చేయించాల్సిన గాలి పరీక్ష కూడా కాలేదు. కిటికీ కింద ఎడమ మూల నిలబడి, లంగా అంచు కన్నానికి అడ్డం పెట్టుకుని, బోర్డు చివర పట్టుకున్నాను.

"ఏంటి, ఆ మూలకి కాపలా కాస్తున్నావా?"

"నడుం పట్టేసింది. నీ పని నువ్వు చూడు."

బోర్డు బిగించేశాడు. వారంలో ఆ గదికి వాడు లేత పసుపు రంగు వేశాడు. చిన్నప్పుడు నాకొక పసుపు గౌను ఉండేది. అది వాడికి గుర్తుందని నాకు తెలియదు.

డిసెంబరంతా గాలివానలు. క్రిస్మస్ మధ్యాహ్నం భోజనానికి కిందకొచ్చాడు. బాతు కాల్చాను, బంగాళాదుంపలు ఉడకబెట్టాను. పావుగంట కూర్చున్నాడో లేదో పొగకి దగ్గు పట్టుకుంది. మొహం నీలంగా అయింది. "చాలా బాగుందక్కా," అంటూ పళ్లెం పట్టుకుని వానలోకి లేచి వెళ్లిపోయాడు. మిగతా బాతు పిల్లీ నేనూ తిన్నాం. పై ఇంటి కిటికీలో దీపం కనబడుతూనే ఉంది. వెళ్దామని రెండుసార్లు కోటు వేసుకున్నాను. నేను లేనప్పుడు నిప్పు ఆరిపోతే అనే సాకుతో రెండుసార్లూ విప్పేశాను.

జనవరి మూడో వారంలో గాలి పరీక్ష చేయడానికి ఓర్లా అనే అమ్మాయి వచ్చింది. వీధి తలుపు తెరిచి, ఆ చోట ఎర్రగుడ్డ బిగించి, దానికి పెద్ద ఫ్యాను పెట్టింది. ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి లాగుతుంది. ఎక్కడ సందు ఉంటే అక్కడినుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఎంత వస్తోందో అంకె చూపిస్తుంది. పాయింట్ ఆరు దాటకూడదని వాడి పంతం.

"పాయింట్ ఆరు ఆరు," అంది ఓర్లా. "చాలా గొప్పగా కట్టారండీ. మామూలు ఇళ్లకి ఇంతకి పదింతలు వస్తుంది."

కోల్మన్ మొహం చూడలేకపోయాను. నాలుగు నెలలు నిచ్చెన మీదున్న మనిషి, ఉన్నట్టుండి ముసలివాడైపోయాడు.

"పోనీలే, అంత చాలేమో," అన్నాడు.

"ఇల్లంతా కొంచెం కొంచెంగా వస్తుంటే చాలు. ఒకే చోటునుంచి వస్తుంటే మాత్రం వదలకూడదు. ఆ కన్నంలోంచి మీ ఊపిరి తడంతా గోడలోకి పోతుంది. రెండు చలికాలాలు చాలు, గోడ లోపల బూజు పడుతుంది."

రెండు చలికాలాలు. ఆ మాట నేను ఫెస్టీ నోట విన్నాను. బూజు అనే మాట ఎవరి ఊపిరికి సంబంధించిందో కూడా నాకు తెలుసు. మా అమ్మ కోసం తెరిచాననుకున్న దారిలోంచి ఏం రాబోతోందో అప్పుడు తెలిసింది.

ఓర్లా పొగ వచ్చే పుల్ల పట్టుకుని గది గదీ తిరిగింది. పడమటి గదిలోకి రాగానే పొగ వంకర తిరిగింది.

"ఈ ఒక్క గదికే బోర్డులు ఎందుకు కొట్టారు, పరీక్ష కాకుండా? ఎవరైనా చేస్తారా అలా?"

"మా అక్క గది," అన్నాడు వాడు. "పూర్తయిన గది ఒకటి చూస్తే... వస్తుందేమోనని."

నేను కిటికీ వైపు తిరిగాను. ఆ మాట నాకు చెప్పలేదు, ఎవరో పరాయి పిల్లకి చెప్పాడు.

బోర్డు వెనకంతా గాలి పాకుతోంది కాబట్టి సరిగ్గా ఎక్కడినుంచి వస్తోందో పొగకి అంతుబట్టలేదు. వాడు రంపం తెచ్చి పైనుంచి కోయడం మొదలెట్టాడు. తెల్లటి పొడి లేచింది. నాలుగు కోతలకే దగ్గు. మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ కోశాడు, మళ్లీ దగ్గాడు. గుమ్మడికాయల దొంగలా నేను భుజాలు తడుముకుంటూ నిలబడి ఉన్నాను. ఇక చూడలేకపోయాను.

"కింద," అన్నాను. "కిటికీ కింద. ఎడమ మూల. జానెడు."

రంపం ఆగింది. వాడు నా వంక చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని, మూల బోర్డు మరలు విప్పి పక్కకి లాగాడు.

కాజా కనబడింది. ఫ్యాను లాగుతుంటే అది ఊపిరి తీసుకుంటున్నట్టు రెండు అంచులూ సన్నగా అదురుతున్నాయి. మా తమ్ముడికి నా కుట్టు తెలుసు. వాడి చొక్కాలన్నిటికీ అదే కుట్టు.

"ఇదేంటి! ఎవరో కుట్టారే!" అంది ఓర్లా.

కోల్మన్ చూపుడువేలితో ఆ కుట్టు మొదటినుంచి చివరిదాకా తడిమాడు. "స్విచ్చు కోసం నేనే కొయ్యమన్నానమ్మా. తర్వాత మర్చిపోయాను. చిరక్కుండా మా అక్క అంచు కుట్టింది."

"పదకొండేళ్లుగా కన్నాలు వెతుకుతున్నాను. ఇంత అందమైన కన్నం నేనెక్కడా చూడలేదమ్మా," అంది ఆ పిల్ల నాతో. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

వాడు టేపు తెంపి, కుట్టు విప్పకుండానే దాని మీద నున్నగా అంటించాడు. అంకె పాయింట్ ఐదు తొమ్మిదికి దిగింది.

ఓర్లా వెళ్లాక ఆ గదిలోనే, విప్పిన బోర్డు పక్కన, నేల మీద కూర్చుని టీ తాగాం. సాయంత్రపు వెలుగు పసుపు గోడ మీద పడుతోంది.

"అమ్మ కోసమా?" అన్నాడు చివరికి.

"ఊఁ."

"అమ్మ నడుం ఎంతుండేదో గుర్తుందా నీకు? ఆ జానెడు కన్నంలో ఎలా దూరుతుందక్కా?"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నవ్వుతూనే ఏడ్చాను. "నీ ప్రాణం మీదకి తెచ్చాను కదరా," అన్నాను. "నాకు తెలిసుంటే..."

"నేను పదిసార్లు చెప్పాను."

"నేను వినలేదు."

"తెలుసు." టీ తాగి కప్పు కింద పెట్టాడు. "ఆవిడ ఎన్నడూ దొడ్డిదారిన రాలేదక్కా. వస్తే తలుపులోంచే వస్తుంది. నవంబరు రెండున తలుపు బార్లా తీసి పెడతాను. ఒక్క సాయంత్రం. నేనే తీస్తాను."

మేకు చుక్కకి కూడా టేపు వేసిన మనిషి. ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

"వేడంతా పోతుంది కదరా."

"పోతే పోతుంది. మళ్లీ కాచుకుందాం." ఆ తర్వాత, గోడవైపు చూస్తూ, నాలుగు నెలలుగా అడగని మాట అడిగాడు. "వస్తావా?"

ఫిబ్రవరి ఒకటిన, మాకు వసంతం మొదలయ్యే రోజున, పొద్దున్నే లేచి నివురు తొలగించాను. కొత్త పెళ్ల పెట్టలేదు. చెయ్యి అలవాటుగా బుట్టలోకి వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను. కొత్త ఇంటికి పాత నిప్పు మోసుకెళ్లడం మావాళ్ల ఆచారం కాబట్టి, కణికల్ని ఇనప బకెట్లో ఎత్తుకుని చేలకడ్డంగా పైకి నడిచాను. అక్కడ దాన్ని పెట్టడానికి పొయ్యి లేదని తెలిసే మోసుకెళ్లాను. గుమ్మం ముందు రాతిమెట్టు మీద బకెట్ పెట్టి, పక్కన కూర్చున్నాను.

వాడు మూతికి మఫ్లర్ చుట్టుకుని బయటికొచ్చి బకెట్‌కి అవతల కూర్చున్నాడు. లోపలికి వెళ్లమంటే వెళ్లలేదు. ఎప్పటిలాగే నిప్పుకి అటు వాడు, ఇటు నేను. మధ్యాహ్నం దాటాక చివరి కణిక బూడిద అయింది. చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

"పద లోపలికి," అన్నాడు.

రెండు చలికాలాలన్న డాక్టరమ్మ మాట వమ్ము చేసి, వాడు ఆరు చలికాలాలు బతికాడు. ఆరేళ్లూ నవంబరు రెండున, చీకటి పడే వేళకి, గాలి మార్చే యంత్రం ఆపి, తలుపు బార్లా తీసి, కోటు వేసుకుని నా పక్కన కూర్చునేవాడు. గోడ మీది ఉష్ణమాపకంలో అంకె పడిపోతుంటే దాన్నే చూస్తూ, "అమ్మ ఈసారి ఆలస్యం చేస్తోంది," అని గొణిగేవాడు.

వాడు పోయి రెండేళ్లయింది. ఇల్లు వెచ్చగానే ఉంది. ఒక్క మనిషి ఒంటి వేడికీ కెటిల్ వేడికీ కూడా చాలినంత బాగా కట్టాడు. కాకపోతే బయటి గాలి చప్పుడు కూడా లోపలికి రాదు, దగ్గేవాళ్లెవరూ లేరు. కొన్ని రోజులు నా గొంతు నేనే వినడానికి గట్టిగా ఏదో ఒకటి అంటుంటాను.

మొన్న నవంబరు రెండున యంత్రం ఆపాను. రెండు కుర్చీలు గుమ్మంవైపు తిప్పాను. తలుపు తీయగానే సముద్రపు గాలి ఇల్లంతా తిరిగింది. అంకె పంతొమ్మిదినుంచి పదిహేనుకి, పదిహేనునుంచి పదకొండుకి దిగింది. కోటు బొత్తాలు పెట్టుకుని, చీకట్లోకి చూస్తూ కూర్చున్నాను.

"కోల్మన్," అన్నాను కాసేపటికి. "అమ్మని తీసుకుని తొందరగా రారా. వేడంతా పోతోంది."